బోర్డు నిద్రపోతున్నా బ్యాటరీ ఎందుకు అయిపోతోంది?

పొలంలో నేల తేమ కొలిచి గంటకోసారి రేడియోలో కబురు పంపే బోర్డంటే మా డిప్లొమా విద్యార్థులకు మహా ఇష్టం. కోడ్ చక్కగా రాస్తారు, పనిలేనప్పుడు చిప్‌ను నిద్రపుచ్చుతారు. అయినా మూడు వారాలకే బ్యాటరీ ఖాళీ. వాళ్ల అనుమానం చిప్ మీద. నా చూపు రెగ్యులేటర్ మీద.

బ్యాటరీ వోల్టేజీని చిప్‌కు కావలసిన 3.3 వోల్టులకు దించి నిలకడగా ఉంచేదే రెగ్యులేటర్. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికే ఏఎంఎస్1117నే పిల్లలు తెచ్చుకుంటారు. గోడ ప్లగ్గుతో నడిచే బోర్డుకైతే నేనూ అదే వాడతాను. కానీ బోర్డు ఏమీ అడక్కపోయినా అది తనకోసమే దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు వాడుకుంటుంది. నిద్రలో ఉన్న చిప్‌కు 10 మైక్రో ఆంపియర్లు చాలు, అంటే అందులో ఐదువందలో వంతు! పంట విలువ కన్నా కాపలా కూలి ఎక్కువైనట్టు. 2500 మిల్లీ ఆంపియర్ అవర్ల లిథియం సెల్ ఈ ఒక్క ఖర్చుకే 500 గంటల్లో, అంటే 21 రోజుల్లో అయిపోతుంది. పైగా ఏఎంఎస్1117కు ఇన్‌పుట్‌లో ఒక వోల్టు దాకా అదనంగా ఉండాలి. 3.7 వోల్టుల సెల్ అది ఎక్కడ ఇస్తుంది?

అదే చోట ఎంసీపీ1700 పెడితే దాని సొంత వాడకం 1.6 మైక్రో ఆంపియర్లే. 250 మిల్లీ ఆంపియర్ల దాకా ఇస్తుంది, కబురు పంపే లోరా రేడియోకు సరిపోతుంది. ఇన్‌పుట్ మాత్రం 6 వోల్టులు దాటకూడదు.

12 వోల్టుల బ్యాటరీ అయితే లెక్క మారుతుంది. ఇలాంటి లీనియర్ రెగ్యులేటర్ ఏదైనా అక్కడ 27 శాతమే వాడుకోనిస్తుంది, మిగతాది వేడి. వోల్టేజీని స్విచింగ్‌తో దించే బక్ కన్వర్టర్ మేలంటారు, నిజమే. కానీ అందరూ కొనే ఎల్ఎం2596 మాడ్యూల్ కూడా ఊరికే ఉన్నప్పుడు దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. అట్ట మీద రాసిన సామర్థ్య శాతం నిండు లోడుకు చెప్పినది, నిద్రకు కాదు.

అందుకే డేటాషీట్‌లో నేను మొదట వెతికేది ‘క్వైసెంట్ కరెంట్’, అంటే రెగ్యులేటర్ సొంత వాడకం, అన్న వరుస. 1.8 నుంచి 5.5 వోల్టుల దాకా తట్టుకునే ఏటీమెగా328పీ లాంటి చిప్ అయితే, సెన్సర్, రేడియో కూడా ఒప్పుకుంటే, రెండు పెన్సిల్ సెల్స్ నేరుగా కలపండి. రెగ్యులేటరే అక్కర్లేదు.

బోర్డును పొలంలో పెట్టే ముందు మల్టీమీటర్‌ను మైక్రో ఆంపియర్ రేంజిలో, బ్యాటరీ తీగతో సిరీస్‌లో పెట్టి, నిద్రలో ఎంత లాగుతోందో ఒక్కసారి కొలవండి.