ఫీజా, బ్రాంచా, దూరమా? రెండేసి పోల్చడంపై అపోహలు – వాస్తవాలు

ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఇంటిల్లిపాదికీ అదే చర్చ. అమ్మ ఫీజు లెక్క చూస్తుంది, నాన్న దూరం అంటాడు, అమ్మాయి బ్రాంచి వదలనంటుంది. అన్నిటినీ ఒకేసారి తూచబోతే ఎటూ తేలదు. రెండేసి అంశాలను ఎదురెదురుగా పెట్టి, ఏది ఎన్ని రెట్లు ముఖ్యమో చెప్పుకుంటూ పోయే పద్ధతి ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. దాన్ని సరిగ్గా వాడుకోవాలంటే ముందు కొన్ని అపోహలు వదలాలి.

అపోహ: ఇది కంప్యూటర్ల కాలంలో పుట్టిన కార్పొరేట్ పద్ధతి.

వాస్తవం: అభ్యర్థులను ఇద్దరిద్దరిగా పోల్చి విజేతను తేల్చడం గురించి ఫ్రాన్సులో కోండోర్సే 1785లోనే రాశాడు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ‘అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్’ను 1970లలో థామస్ సాటీ రూపొందించాడు. ఇరాక్‌లోని మోసుల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన గణితవేత్త ఆయన. రెండూ సమానమైతే 1, ఒకటి అన్నివిధాలా మిన్న అయితే 9. ఆ కొలమానం ఆయనదే. మూడు నాలుగు అంశాలుంటే కాగితం, కాలిక్యులేటర్ చాలు.

అపోహ: పోలికల మధ్య పొంతన కుదరకపోతే లెక్క చెడినట్టే.

వాస్తవం: బ్రాంచి ఫీజుకన్నా 3 రెట్లు, ఫీజు దూరంకన్నా 2 రెట్లు ముఖ్యమన్నారనుకోండి. ఆ ప్రకారం బ్రాంచి దూరంకన్నా 6 రెట్లు ముఖ్యం కావాలి. మీరు 4 అన్నా ఇబ్బంది లేదు. పొంతన ఎంత తప్పిందో చెప్పే నిష్పత్తి 0.02 లోపే ఉంటుంది. సాటీ పెట్టిన హద్దు 0.10. అదే ‘బ్రాంచీ, దూరమూ సమానమే’ అంటే నిష్పత్తి 0.3 దాటిపోతుంది. అప్పుడు చాలామంది హద్దులోకి వచ్చేదాకా అంకెలు సర్దేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ పోలికల పద్ధతి ఇచ్చే అసలు లాభం ఆ పొంతన తప్పిన చోటే ఉంది. అమ్మాయిని హాస్టల్లో ఉంచడానికి మనసొప్పడం లేదన్న సంగతి ‘దూరం’ అన్న మాట వెనక దాగి ఉండొచ్చు. రోజూ బస్సు ప్రయాణం, ఇల్లు విడిచి ఉండటం అని దాన్ని రెండుగా విడదీసి మళ్లీ పోల్చండి. ఇంకో సంగతి: నిష్పత్తి సున్నా వచ్చినా నిర్ణయం మంచిదని హామీ లేదు. తప్పుడు అంచనాలు కూడా ఒకదానితో ఒకటి చక్కగా పొసగుతాయి.

అపోహ: ‘ఫీజు ముఖ్యమా, దూరం ముఖ్యమా’ అని అడిగితే చాలు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. జాబితాలోని కాలేజీల ఫీజులు 60 వేలు, 65 వేలు అయితే ఫీజును దాదాపు పక్కన పెట్టేయొచ్చు. 60 వేలు, లక్షన్నర అయితే ఇంటి బడ్జెట్టే తలకిందులవుతుంది. రీయింబర్స్‌మెంటు వచ్చే ఇంట్లో చేతి నుంచి పెట్టేది ఇంకో లెక్క. తేడా ఎంతో చెప్పకుండా ముఖ్యమెంతో చెప్పలేం. అందుకే ఇలా అడగండి: ‘ఏడాదికి 90 వేలు మిగలడం ఎక్కువా, రోజూ రెండు గంటల ప్రయాణం తప్పడం ఎక్కువా?’

అపోహ: అంశాలు పెరిగేకొద్దీ ఫలితం కచ్చితమవుతుంది.

వాస్తవం: నాలుగు అంశాలకు 6 పోలికలు, పదింటికి 45. ఇరవై పోలికలు దాటేసరికి ఎవరైనా ఏదో ఒక అంకె వేసేస్తారు.

అపోహ: చివర్లో వచ్చిన వరస తిరుగులేనిది.

వాస్తవం: ఉన్న ఎంపికల్లో ఒకదానికి అచ్చం నకలును చేర్చినా మొదటి రెండు స్థానాలు తారుమారు కావచ్చని 1983లో పరిశోధకులు బెల్టన్, గియర్ చూపించారు. ఒక్కో అంశంలో ఎంపికలకు ఇచ్చే మార్కుల మొత్తం 1 కావాలన్న నియమం వల్ల కొత్తగా వచ్చింది పాతవాటి వాటాను పంచుకుంటుంది. కాబట్టి ఒకే తీరున్న రెండు కాలేజీలు జాబితాలో ఉంటే ఒకటి తీసేసి మళ్లీ లెక్కించండి. అంకెల్ని అటూ ఇటూ కాస్త జరిపి చూడండి. మొదటి స్థానం కదలకపోతే ధైర్యంగా దాన్నే తొలి ఆప్షన్‌గా పెట్టొచ్చు. చేతులు మారుతుంటే మాత్రం ఆ రెండు కాలేజీలకూ వెళ్లి, అక్కడ చదువుతున్న పిల్లలతో మాట్లాడి రండి.