పేలకూ ఓ క్యాలెండరు ఉంది

కిందటి డిసెంబరులో ఒక సాయంత్రం లక్ష్మీ నగర్ మెట్రో దిగి, వికాస్ మార్గ్ మీది కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ దాటుకుని ఇల్లు చేరేసరికి మా అమ్మాయి గదిలో తలుపేసుకుని ఉంది. నాలుగో తరగతి. బదిలీ మీద మేం ఢిల్లీ వచ్చి అప్పటికి అయిదు నెలలు. బల్ల మీద స్కూలు డైరీ తెరిచి ఉంది. అందులో ఎర్ర సిరాతో, హిందీలో ఒక్క వాక్యం: పాప తలలో ‘జూఏ’ ఉన్నాయి, శ్రద్ధ వహించండి. ‘జూ’ అంటే పేను అని నాకు తెలియడానికి పక్కింటివాళ్లు అవసరమయ్యారు. పాపకు మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజంతా దాన్ని వెనక బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చోబెట్టారట.

రాత్రికల్లా సలహాలు వచ్చిపడ్డాయి. ఫోన్లో మా అత్తయ్య, “జుట్టు తీయించెయ్యమ్మా, తిరుపతి మొక్కూ తీరుతుంది” అన్నారు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఆంటీ, “మిట్టీ కా తేల్ రాసి గుడ్డ కట్టు” అన్నారు. అంటే కిరసనాయిలు. నేను ఈ రెండూ చేయలేదు. మందుల షాపుకు వెళ్లి ఒక సీసా కొన్నాను, రాశాను, చచ్చిన పేలు చూసి సంతోషించాను. జనవరి మూడో వారానికి మళ్లీ గోకుడు మొదలు. తప్పు మందుది కాదు, నాది. ఆ తప్పేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మనలో చాలామంది చేసేది కూడా అదే.

ముందు పేను సంగతి. పెద్ద పేను నువ్వుగింజంత ఉంటుంది, రెండు మూడు మిల్లీమీటర్లు. దానికి రెక్కలు లేవు, ఎగరదు. మిడతలా గెంతలేదు కూడా. వెంట్రుకను పట్టుకుని పాకడం ఒక్కటే దానికి వచ్చు. కాబట్టి ఒక తల ఇంకో తలకు ఆనితే తప్ప దానికి ప్రయాణం కుదరదు. పిల్లలు తలలు దగ్గర పెట్టుకునే చోట్లు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. ఒకే ఫోన్లోకి తొంగిచూసే నలుగురు, ఆరుగురి సీట్లో పదిమంది ఇరుక్కునే స్కూలు వ్యాను, ఒకే రజాయి కింద అక్కచెల్లెళ్లు. టోపీలు, దువ్వెనల ద్వారా రావచ్చుగానీ అది తక్కువ. తల మీద నుంచి కింద పడిన పేనుకు తిండి ఉండదు, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. కుక్కల నుంచి, పిల్లుల నుంచి మనకు పేలు రావు.

శుభ్రతకూ దీనికీ సంబంధం లేదు. రోజూ తలంటు పోసుకునే పిల్లకైనా పడతాయి. నీళ్లు పడితే పేను ఊపిరి బిగబట్టి వెంట్రుకను గట్టిగా పట్టుకుంటుంది, గంటల తరబడి అలా ఉండగలదు. ఢిల్లీ చలికి వారానికోసారే తలస్నానం చేయించానని నన్ను నేను తిట్టుకున్నది అనవసరంగానే. ఇంకో మాట: తలపేను వల్ల రోగాలు వ్యాపించవు. గోకి గోకి పుండ్లు పడి, చీము చేరి, మెడ దగ్గర బిళ్లలు కడితే మాత్రం డాక్టరుకు చూపించాలి.

దురద అనేది పేను కొరికినందుకు కాదు, దాని లాలాజలం మన ఒంటికి పడకపోవడం వల్ల. మొదటిసారి పేలు పడినప్పుడు ఆ దురద పుట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అంటే డైరీలో ఎర్ర సిరా పడేనాటికి పాప తలలో పేలు నెలకు పైగా కాపురం ఉన్నాయన్నమాట. ఆ ఒక్క రోజు వెనక బెంచీ వల్ల ఎవరికి ఒరిగిందేమిటి? అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో ఇచ్చిన సూచనల్లో కూడా పేలు ఉన్నంత మాత్రాన పిల్లల్ని బడి నుంచి పంపేయవద్దనే చెప్పింది.

ఇప్పుడు అసలు లెక్క. మనం లెక్కల మనుషులం కాబట్టి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఆడపేను దాదాపు నెల రోజులు బతుకుతుంది, రోజుకు ఆరు నుంచి ఎనిమిది గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లే మనం ఈపులు అనేవి. అది ఒక్కో ఈపిని వెంట్రుక మొదట్లో, మాడుకు దగ్గరగా, జిగురుతో అంటిస్తుంది. వారం నుంచి పది రోజుల్లో ఈపి పగిలి పిల్లపేను బయటికి వస్తుంది. అది ఇంకో తొమ్మిది రోజులకు పెద్దదై తానూ గుడ్లు మొదలుపెడుతుంది. చక్రవడ్డీ అంటే ఇదే.

మందుల షాపులో సాధారణంగా దొరికేది ఒక శాతం పెర్మెత్రిన్ ఉన్న లోషను. అది తిరిగే పేలను చంపుతుంది, ఈపుల్ని పూర్తిగా చంపలేదు. అందుకే సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, మళ్లీ వాడండి అని. తొమ్మిదో రోజు రెండోసారి రాస్తే, అప్పటికి పొదిగి బయటికొచ్చిన పిల్లపేలు గుడ్లు పెట్టే వయసుకు రాకముందే పోతాయి. ఆ ఒక్క తేదీ తప్పితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. నేను మొదటిసారి రాసింది డిసెంబరు 21న. తొమ్మిదో రోజు ఏ తేదీ వచ్చిందో చూడండి, డిసెంబరు 30. క్వార్టర్ క్లోజింగ్! ఆ రోజు బ్రాంచి నుంచి రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాను. పేల సంగతి గుర్తొస్తే ఒట్టు.

రాయడంలో కూడా పద్ధతి ఉంది. మామూలు షాంపూతో తల కడిగి, తువాలుతో అద్ది, తడి జుట్టుకు రాయాలి. అంతకుముందు కండిషనర్ వాడకూడదు, వాడితే మందు వెంట్రుకకు పట్టదు. చెవుల వెనక, మెడ పైభాగం బాగా తడవాలి, పేలకు అక్కడి వెచ్చదనం ఇష్టం. పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. కళ్లలో పడకుండా పాప చేతికి మడత పెట్టిన తువాలు ఇవ్వండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటల తర్వాత చూస్తే కొన్ని పేలు నీరసంగా కదులుతూ కనిపించవచ్చు, మందు పనిచేస్తోందనే అర్థం. ముందులాగే చురుగ్గా పరుగెడుతుంటే డాక్టరుని అడగాలి. చాలా దేశాల్లో పేలు ఈ మందుకు అలవాటు పడిపోయాయి. అలాంటప్పుడు ఐవర్‌మెక్టిన్ వంటివి ఇస్తారు, అవి పిల్ల బరువును బట్టి డాక్టరే రాయాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఏ మందైనా అడిగాకే. గజ్జికి వాడే అయిదు శాతం క్రీము ఇంట్లో ఉంది కదా అని తలకు పట్టించకండి.

మందు వద్దనుకునేవాళ్లకు దువ్వెన దారి ఉంది. జుట్టు తడిపి, కండిషనర్ దండిగా రాసి, చిక్కు తీసి, పేల దువ్వెనతో మాడు నుంచి కొన దాకా పాయలు పాయలుగా దువ్వాలి. ప్రతిసారీ దువ్వెనను తెల్లగుడ్డకు తుడిచి చూడాలి. బ్రిటన్‌లో చెప్పే లెక్క 1, 5, 9, 13 రోజులు, ఆపైన 17వ రోజు ఒకసారి తనిఖీ. గంట పని, ఓపిక కావాలి, కానీ ఖర్చు లేదు. మన అమ్మమ్మలు మధ్యాహ్నం అరుగు మీద కూర్చోబెట్టి కొబ్బరినూనె రాసి పేలు చూసి కుక్కింది ఇదే పద్ధతి. నూనె పేలను చంపుతుందని నమ్మలేం గానీ, దువ్వెన జారడానికి బాగా పనికొస్తుంది. ఇజ్రాయెల్‌లోని లాకీష్‌లో 2016లో తవ్వకాల్లో ఒక చిన్న దంతపు దువ్వెన దొరికింది. దాని మీద ఏదో రాసి ఉందని తర్వాత గమనించి, 2022లో చదివి ప్రకటించారు. మూడువేల ఏడువందల ఏళ్ల కిందటిది. పదిహేడు అక్షరాల ఆ రాతలో ఉన్నది తలలోని, గడ్డంలోని పేలు పోవాలన్న కోరిక! అంత దంతం వాడుకోగల ఇంట్లోవాళ్లకూ పేలున్నాయంటే మనమెంత?

చేయకూడనివి. కిరసనాయిలు మాడును కాల్చేస్తుంది, పక్కన పొయ్యి ఉంటే ప్రాణాలకే ముప్పు. పురుగుల మందుల జోలికి అసలు పోవద్దు. సీతాఫలం గింజల పొడి సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే అది మన ఊళ్ల వైద్యం. పేలను చంపే మాట నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతిని కన్ను ఎర్రబడి తెరవలేనంత మంట పుడుతుంది, అలాంటి కేసుల్ని మన దేశపు కంటి డాక్టర్లు రాసిపెట్టారు. నుదుటి మీద నుంచి కారే నీళ్లు ఎటు పోతాయో తల్లులకు తెలుసు. గుండు చేయిస్తే పేలు పోతాయి, సందేహం లేదు. మా అమ్మాయి మాత్రం ఆ మాట విని రెండు రోజులు స్కార్ఫు తీయలేదు. పోయే జబ్బుకు పిల్ల జుట్టు తీయడం నాకు మనసొప్పలేదు.

అన్నట్టు, పేనుకొరుకుడు అంటామే, తలలో రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు ఊడిపోవడం, దానికీ పేనుకూ ఏ సంబంధమూ లేదు. అది మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున వెంట్రుక కుదుళ్ల మీద పడటం వల్ల వచ్చేది. పేరు చూసి పేల మందు రాసి లాభం లేదు, చర్మ వైద్యులకు చూపించాలి.

ఇల్లంతా కడగక్కర్లేదు. ముందు రెండు రోజుల్లో వాడిన దిండు గలేబులు, స్కార్ఫులు, టోపీలు వేడినీళ్లలో ఉతికితే చాలు. దువ్వెనలు పది నిమిషాలు బాగా వేడినీళ్లలో ఉంచాలి. ఉతకలేని రజాయిని రెండు రోజులు ఎవరూ కప్పుకోకుండా పక్కన పెట్టండి. ఇంట్లో అందరి తలలూ చూడాలి, బతికున్న పేను కనబడినవాళ్లకే మందు. మా ఇంట్లో రెండో తల నాదే.

తెల్లగా కనబడేదల్లా ఈపి కాదు. గోటితో లాగితే సులువుగా జారేది చుండ్రు, కదలకుండా అంటుకుని ఉండేది ఈపి. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మాడుకు సెంటీమీటరు కన్నా దూరంగా ఉన్నవి చాలావరకు ఖాళీ పెంకులే.

జనవరిలో రెండో విడత మొదలుపెట్టినప్పుడు తొమ్మిదో రోజును ఫోన్లో అలారం పెట్టుకున్నాను, వంటింటి క్యాలెండరు మీద పాప చేత ఎర్ర సిరాతోనే చుట్టించాను. బ్రాంచిలో లంచ్‌లో ఈ సంగతి గొంతు తగ్గించి చెబితే, టిఫిన్ డబ్బాలు మూసి ఇద్దరు దగ్గరికి జరిగారు. ఒకరి ఇంట్లో నెల నుంచీ, ఇంకొకరింట్లో దీపావళి నుంచీ. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సీసా పేరు కాదు, తేదీ రాసిచ్చాను.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఎండ వచ్చిందంటే మా బాల్కనీలో తువాలు, తెల్లగుడ్డ, దువ్వెన సిద్ధం. మా అమ్మాయి అయ్యాక కింది వాటా ఆంటీ మనవరాలు వచ్చి కూర్చుంటుంది. కిరసనాయిలు సంగతి ఆంటీ మళ్లీ ఎత్తలేదు.