పొత్తికడుపు నొప్పి: దాచుకొనరాని వ్యాధి

పొత్తికడుపులో నొప్పి, నడుము పీకుట, తెల్లబట్ట – వీనిని గూర్చి స్త్రీలు వైద్యులకంటె ఇరుగుపొరుగు అమ్మలక్కలతోనే ఎక్కువగా చెప్పుకొందురు. "వేడి చేసిందమ్మా, మజ్జిగ తాగు" అను సలహా లభించును. కొన్నాళ్లకు నొప్పి తగ్గును. కాని లోపలి వ్యాధి తగ్గినదని చెప్పుటకు వీలులేదు.

తెలుగు నేలకు ప్రాణహిత ఆవలి ఒడ్డుననున్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ దంపతులు రెండు గ్రామములయందలి 650 మంది స్త్రీలను పరీక్షించి, ఫలితములను 1989లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. నూటికి 92 మందికి ఏదో యొక స్త్రీవ్యాధి ఉండెను. అంతకుముందు అట్టి పరీక్ష, చికిత్స పొందినవారు నూటికి 8 మందియే!

సూక్ష్మజీవులు యోనిమార్గమునుండి పైకి ప్రాకి గర్భాశయమునకు, అచ్చటినుండి అండవాహికలనబడు రెండు సన్నని గొట్టములకు వ్యాపించుటయే ఈ వ్యాధి. వాచిన గొట్టములు మానునపుడు లోపల అతుకుకొని పోవచ్చును. అప్పుడు సంతానము కలుగకపోవుటయో, పిండము గొట్టముననే నిలిచి ప్రాణాపాయమగుటయో సంభవించును. ఒకమారు ఈ వ్యాధి సోకినవారిలో నూటికి 8 మందికి, మూడుమార్లు సోకినవారిలో 40 మందికి ఇట్లు గొట్టములు చెడి సంతానము లేకపోయెనని 1992లో వెలువడిన స్వీడన్ దేశపు పరిశీలన తెలుపుచున్నది.

క్లమీడియా, సెగవ్యాధి భర్తనుండి భార్యకు సోకవచ్చును. భర్తయందు బాహ్యలక్షణమేదియు కనిపింపకపోవచ్చును. ప్రసవానంతరము, గర్భస్రావానంతరము అశుభ్రమైన పనిముట్లవలనను సోకును. మన దేశమున క్షయ కూడ నిశ్శబ్దముగా అండవాహికలను చెరచుచున్నది. కావున ఈ వ్యాధి కలిగిన స్త్రీ నడవడిని శంకించుట అజ్ఞానము, అన్యాయము కూడను.

తెల్లబట్ట కొంచెముగా నుండుట సహజమే. అది దుర్వాసనతోనో, పసుపు లేక ఆకుపచ్చ రంగుతోనో వచ్చినను, సంగమ సమయమున లోతుగా నొప్పి కలిగినను, ఆ పిమ్మట గాని, రెండు ముట్టుల నడుమ గాని రక్తము కనిపించినను, మూత్రము మంటగా నున్నను, జ్వరము తగిలినను పరీక్ష అవసరము. తీవ్రమైన జ్వరము, వాంతులు, ముట్టు తప్పి ఒక ప్రక్క పోటు, కండ్లు తిరుగుట – ఇవి కనిపించినచో ఆ దినముననే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఈ వ్యాధిని నిశ్చయముగా తేల్చు పరీక్ష యొక్కటి లేదు. వైద్యురాలు చేతితో పరీక్షించి గర్భాశయ ముఖమును కదల్చినపుడు నొప్పి యున్నదేమో చూచును. స్రావమును, మూత్రమును పరీక్షకు పంపును. గర్భమున్నదో లేదో నిర్ధారించును. స్కానింగులో ఏమియు కనిపింపనంత మాత్రమున వ్యాధి లేదనరాదు. స్త్రీలు సిగ్గుపడునది ఈ చేతి పరీక్షకే. అది కొద్ది నిమిషములలో ముగియును. లేడీ డాక్టరు కావలెనని, తోడుగా నర్సు ఉండవలెనని అడుగుటకు ఎవరును సంకోచింపనక్కరలేదు.

ప్రభుత్వాసుపత్రులలోని సురక్ష క్లినిక్కులయందు పరీక్ష, మందులు ఉచితము. మందుల షాపులో నాలుగు బిళ్లలు కొని మ్రింగుట వలన వ్యాధి అణగియుండునే గాని పోదు. సాధారణముగా 14 దినములు మందు వాడవలెను. భర్తకును చికిత్స జరుగవలెను. ఇరువురి చికిత్స ముగియువరకు సంగమము కూడదు. మందు మొదలిడిన 3 దినములకు గుణము కనిపింపనిచో, గడువుకై వేచియుండక, మందుచీటితో మరల వైద్యుల కడకు పోవలెను.