పళ్లెంలో మిగిలిన ముద్ద ఖరీదు

పేదింటి పిల్లలు చిప్స్, కూల్‌డ్రింకులు ఎక్కువగా ఎందుకు తీసుకుంటారంటే రెండు జవాబులు ఠక్కున వస్తాయి. తల్లికి తెలియదు, లేదా దగ్గర్లో మంచి కొట్టు లేదు. రెండో జవాబును అమెరికాలో ఆర్థికవేత్తలు పరీక్షించి చూశారు. పేదల పేటల్లో కొత్త సూపర్‌మార్కెట్లు తెరిచినా, అక్కడివాళ్లు కొనే సరుకులు పెద్దగా మారలేదు. కలిగినవాళ్లకు దొరికే సరుకులే అవే ధరలకు పేదలకూ అందినా, పోషకాహారంలో తేడా సుమారు 10 శాతమే తగ్గుతుందని 2019లో హంట్ ఆల్కాట్ బృందం తేల్చింది.

మరి అసలు సంగతి ఏమిటి? సామాజిక శాస్త్రవేత్త కైట్లిన్ డేనియల్ బోస్టన్ ప్రాంతపు తల్లిదండ్రులతో మాట్లాడి 2016లో ఒక జవాబు చెప్పారు. పసిపిల్లలకు కొత్త రుచి నచ్చాలంటే 8 నుంచి 15 సార్లయినా పెట్టి చూడాల్సి రావచ్చు. తల్లి బ్రకోలీ ఉడికించి పెడితే పిల్లాడు మూతి తిప్పుకుంటాడు. అది చెత్తబుట్ట పాలవుతుంది. వాడి కడుపు నింపడానికి మళ్లీ ఇంకోటి చేయాలి. కలిగినింట్లో ఈ దండగ ఎవరికీ పట్టదు, మరో వారం మళ్లీ పెడతారు. నెలాఖరుకు చేతిలో డబ్బు ఆడని తల్లి మాత్రం ఒక పూట తిండికి రెండుసార్లు ఖర్చు పెట్టలేదు. అందుకే పిల్లాడు పేచీ పెట్టకుండా తినేదే కొంటుంది. అది తెలియనితనం అనుకుంటే పొరపాటు, పక్కా లెక్క.

ఇందులో మనసు లెక్క కూడా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో ప్రియా ఫీల్డింగ్-సింగ్ చేసిన పరిశోధనలో పేద తల్లులకూ మంచి తిండి విలువ తెలుసునని తేలింది. కానీ పిల్లలు అడిగే ఖరీదైన వస్తువులకు రోజూ 'వద్దు' అనాల్సిన తల్లికి, 'సరే' అనగలిగే కోరిక ఒక్క చిప్స్ పొట్లమే. కలిగినింటి తల్లి అదే పొట్లం కొననని చెప్పి, పిల్లలను క్రమశిక్షణలో పెంచుతున్నానని తృప్తి పడుతుంది.

కాబట్టి తల్లులకు పాఠాలు చెప్పేకన్నా, రుచి అలవాటయ్యేదాకా అయ్యే దండగను ఎవరు భరించాలో తేల్చుకోవాలి. బడి భోజనం బలం ఇక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023లో రాగిజావ మొదలైంది. పిల్లాడు మొదటి రోజు గ్లాసు పక్కన పెట్టేసినా తల్లికి పైసా నష్టం లేదు. పైగా తోటిపిల్లలు ఇష్టంగా తింటుంటే, వద్దన్న కూరగాయనే పిల్లలు క్రమంగా ఇష్టపడతారని లియాన్ బర్చ్ 1980లోనే ప్రయోగం చేసి చూపారు. అలవాటు చేసే ఖర్చు బడి భరిస్తే, అలవాటైన తిండిని కొనడానికి తల్లి వెనకాడాల్సిన కారణం ఒకటి తగ్గుతుంది.