వీధి కావలి

వేసవి సెలవులు వచ్చినంతనే మన వీధులలో తాళములు వ్రేలాడు తలుపుల లెక్క పెరుగును. పుట్టింటికి పోవువారు కొందఱు, పెండ్లిండ్లకును తిరుపతికిని పోవువారు కొందఱు. మూడు దినములు వాకిట ముగ్గు లేకుండుట, గుమ్మము కడ పాలపొట్లములు పడియుండుట, పట్టపగలు వసారాలో దీపము వెలుగుచుండుట, ఇవి యన్నియు దొంగకు పంపిన శుభలేఖలే. వానిని దొంగ చదువునంత శ్రద్ధగా పొరుగువారును చదివిన యెడల పెక్కు కన్నములు పడకుండునని మా నమ్మకము.

సోదరీమణులలో మృచ్ఛకటికము చదివినవారికి శర్విలకుడు జ్ఞాపకముండును. చారుదత్తుని గోడకు కన్నము వేయబోవుచు, విరిసిన తామరవలె వేయుదునా, నెలవంకవలె వేయుదునా యని యోచించి, తుదకు పూర్ణకుంభాకారమున వేయును. కొలత్రాడు మఱచి వచ్చి జందెముతో గోడ కొలుచును. చదివి నవ్వుకొందుము గాని, నిదురించువారిని, దీపమును, నేలను వాడెంత పరీక్షించెనో గమనింపము. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఇందుకు మాఱుమందు కలదు. పదియో, యిరువదియో, నలువదియో కుటుంబములకు ఒక గోపుడుండి, వారి పేళ్లు, గోత్రములు, వృత్తులు, ఆదాయవ్యయములు సైతము తెలిసికొనవలెను. ఇంటికి వచ్చిపోవువారి సంగతి గృహస్థు తెలుపనిచో, ఆ రాత్రి జరిగిన దోషమున వానికిని పాలుండును. అది రాజుగారి కన్ను. పొరుగింటి కన్ను వేఱు.

అమెరికాలో 1972వ సంవత్సరమున షరీఫుల జాతీయ సంఘమువారు ‘నైబర్‌హుడ్ వాచ్’ అను పేర ఈ పొరుగింటి కన్నునకు ఒక రూపము కల్పించిరి. ఇంగ్లండులో చెషైరు ప్రాంతపు మోలింగ్టన్ గ్రామమున 1982లో మొదలైనది. దాని సారమంతయు రెండు మాటలలో నున్నది: చూచుట, తెలుపుట. వెంటబడుట అందులో లేదు.

మా వీధి యిల్లాండ్రము చేయుచున్నదియు అంతకంటె ఘనకార్యము కాదు. ఊరికి పోవునామె తాను మరలివచ్చు దినమును ఇరుగుపొరుగులలో ఇద్దఱకు మాత్రము చెప్పిపోవును; పోలీసు ఠాణాలోను తెలిపిపోవును. వాట్సాపు గుంపులో వ్రాయదు, రైలెక్కినట్లు ఫోటోలు పెట్టదు. ఆ యిద్దఱును వాకిలి చిమ్మి ముగ్గు వేయుదురు, పాలు తీసికొందురు, సందెవేళ దీపము వెలిగించి తెల్లవారి ఆర్పుదురు. ఒంటిగా నుండు ముసలివారి తలుపు ప్రొద్దున ఎనిమిది గంటలకును తెఱవబడనిచో ఒకరు పోయి పలుకరింతురు. దీనికి టార్చిదీపములు, ఈలలు అక్కఱలేదు.

చూచినది చూచినట్లు చెప్పుటయే కష్టము. మా వారు బడిపంతులు గనుక ఈ విషయమున మమ్ము బాగుగా సాధించిరి. “ఎవడో నల్లనివాడు, అనుమానముగా నుండెను” అనుట వార్త కాదు. వచ్చిన వేళ, బండి నంబరు, చొక్కా రంగు, పోయిన దిక్కు, ఇవి వార్త. 112కు ఫోను చేసినప్పుడు పనికివచ్చునవి ఇవియే.

ఈ పట్టుదల యేల యందురా? 2018 మే నెలలో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఫోనులలో వదంతి పాకగా, హైదరాబాదు చాంద్రాయణగుట్ట కడ ఒక ట్రాన్స్‌జెండరు స్త్రీని గుంపు కొట్టి చంపినది. జూలైలో మహారాష్ట్రమున ధూళే జిల్లా రైన్‌పాడాలో సంచారజాతివారు ఐదుగురును, పిమ్మట బీదరు జిల్లా ముర్కిలో పిల్లలకు చాక్లెట్లిచ్చిన పాపమునకు హైదరాబాదు వారి బృందములో ఒక యువకుడును అట్లే హతులైరి. వారిని కొట్టినవారందఱును తాము ఊరికి కావలి కాయుచున్నామనియే తలచి యుందురు. ఆంగ్లేయుల నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలని వ్రాసినది. మన ఎఱుకలవారిని స్టూవర్టుపురము వంటి సెటిల్మెంట్లలో నుంచిరి. ఆ చట్టము 1952లో రద్దైనది. బుట్టలమ్ము స్త్రీ వీధిలోనికి వచ్చినంతనే ముఖము చిట్లించువారింకను కలరు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 40వ సెక్షను ప్రకారము, పోలీసులు నేరుగా పట్టదగినదియు, బెయిలు హక్కు లేనిదియునగు నేరము తన కన్నులయెదుట చేసినవానిని సామాన్యుడును పట్టుకొనవచ్చును. కాని ఆఱు గంటలలోపల పోలీసులకు అప్పగించి తీరవలెను. చెట్టునకు కట్టి కొట్టు హక్కు ఎవ్వరికిని లేదు.

మేము కూడి మాటాడుకొనునప్పుడు ఒక పెద్దమ్మగారు, “వీధి తలుపు కాచెదరు, సరే. లోపలినుండి వినవచ్చు కేకకు ఏమి చేయుదురమ్మా?” అని యడిగిరి. దొంగ యెప్పుడో యొకనాడు వచ్చును. ఆ కేక కొన్ని యిండ్ల వారమునకొకటి వినబడును. అది సంసారపు రచ్చ యని కిటికీ మూయుట మన ఆచారమైనది. గృహహింస నుండి స్త్రీలను కాపాడు 2005 నాటి చట్టము, అట్టి హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న యెవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చునని చెప్పుచున్నది. మంచి తలంపుతో తెలిపినవారిపై ఏ వ్యాజ్యమును నిలువదు. ‘బ్రేక్‌త్రూ’ సంస్థవారు 2008లో ‘బెల్ బజావో’ అని ప్రచారము చేసిరి. తలుపు గంట కొట్టి, కాసిని పాలున్నవా యని యడుగుటయే అందులోని యుపాయము. ఎవరో వినుచున్నారని తెలిసిన క్షణమున ఎత్తిన చేయి దిగుటకు అవకాశముండును.

ప్రాణాపాయమైనచో గంట కొట్టుచు కూర్చుండరాదు, 112కు చెప్పవలెను. తక్కిన వేళల, మఱునాడు ఆమె ఒంటిగా నున్నప్పుడు పలుకరించి, 181 అను స్త్రీల సహాయ నంబరు ఆమె చెవిని వేసి, ఆమె కోరిన మేరకే నడువవలెను. ఆమె మాట గుంపులో వ్రాయుట దొంగతనముకంటె తక్కువ పాపము కాదని మా మతము.

తాళము వేసిన యిండ్లకు మా వద్ద ఒక చిన్న పుస్తకము కలదు. ఈ యిండ్లను అందులో నెక్కింపలేదు. ఏ రాత్రి ఏ తలుపు తట్టవలసిన యిద్దఱెవరో, ఆ యిద్దఱకును తెలియును.