కొండ మెట్లకు ముందు ఇంటి వద్ద సాధన

శ్రీవారిని కాలినడకన వెళ్లి దర్శించుకోవాలన్న కోరిక వయస్సు మీరినా సన్నగిల్లదు. తిరుమలకు అలిపిరి మార్గంలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో సుమారు 2,388 మెట్లు ఉన్నాయి. ఆయాసం వస్తే మండపంలో కూర్చొని సేదదీరవచ్చు. అడుగు తడబడితే ఆ వ్యవధి ఉండదు. కనుక వృద్ధులైన భక్తులు ముందుగా నడకలో నిలకడను అలవరచుకోవాలి.

కంటిచూపు, లోపలి చెవిలోని సమతౌల్య అవయవం, పాదాల స్పర్శ అందించే సమాచారాన్ని మెదడు సమన్వయించి కాళ్ల కండరాలను నడిపిస్తుంది. వయస్సుతో ఇవన్నీ మందగిస్తాయి. తొడలు, పిక్కలు బలహీనపడతాయి. అడుగులు చిన్నవై, వాటి లయ తప్పుతుంది. ఈ లయ ఎంతగా తప్పితే పడిపోయే ప్రమాదం అంతగా పెరుగుతుంది.

ఈ క్షీణతను వ్యాయామంతో చాలావరకు సరిదిద్దవచ్చు. అరవై దాటినవారిపై జరిగిన వందకు పైగా అధ్యయనాలను పరిశీలించి 2019లో కోక్రేన్ సంస్థ ఒక సమీక్ష ప్రచురించింది. వ్యాయామం వల్ల పడిపోవడం సుమారు 23 శాతం తగ్గిందని అందులో తేలింది. అయితే కేవలం నడక వల్ల అంతటి మేలు కలుగుతుందని నిర్ధారణ కాలేదు. సమతౌల్యాన్ని, కండరబలాన్ని పెంచే సాధనలే ముఖ్యం. కాబట్టి "రోజూ గుడికి నడిచే వెళుతున్నాను కదా" అని సరిపెట్టుకోరాదు.

ఇంటి వద్ద చేయదగినవి ఇవి: చేతుల ఆసరా లేకుండా కుర్చీలో నుండి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకొని మడమలెత్తి నిలబడడం, ఒంటికాలిపై కొన్ని క్షణాలు నిలవడం, గోడ పక్కనే ఒక పాదం ముందు మరొక పాదం ఆనించి నడవడం, తక్కువ ఎత్తు గల మెట్టును కైపిడి పట్టుకొని నిదానంగా ఎక్కి దిగడం. దిగేటప్పుడు తొడ కండరాలు దేహభారాన్ని ఆపుతూ సాగవలసి ఉంటుంది గనుక దిగడాన్నీ అభ్యసించాలి.

అరవై అయిదేళ్లు దాటినవారు ఇటువంటి సాధనలను వారానికి కనీసం మూడు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మానివేస్తే క్రమంగా తరిగిపోతుంది. గుండెజబ్బు, కళ్లు తిరగడం, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు, రక్తపోటుకు మందులు వాడుతున్నవారు వైద్యుని సలహా పొందిన పిమ్మటే ఆరంభించాలి. మొదటి రోజుల్లో ఇంట్లోవారు ఒకరు పక్కనే ఉండడం క్షేమం.

ముడుపు కట్టిన నాడే ఈ సాధన కూడా మొదలుపెట్టినవారికి యాత్రాదినం నాటికి అడుగులో ధైర్యం చేకూరుతుంది.