రేఖకు నలుపు కూర్చు విద్య

లోహఫలకముపై ఉలితో తీర్చిన రేఖ యెంత నిపుణమైనదైనను, గాడి యడుగునను ఉపరితలమునను లోహము ఒకే వన్నెతో మెఱయుచుండుటచే, వెలుగు పడిన కోణమును బట్టి ఒకప్పుడు స్ఫుటముగా గనబడి మఱియొకప్పుడు మాయమగును. తాటాకుపై గంటముతో వ్రాసినవారు పిదప మసి పూసి తుడిచి అక్షరములను తేటపఱచినట్లే, నగిషీ పనివారును తమ రేఖలకు నలుపు కూర్చు ఉపాయములను వెదకిరి.

వానిలో సులభమైనది దీపపు మసిని నూనెతోగాని, మైనముతోగాని, లక్కతోగాని కలిపి గాడిలో నింపి, మిగిలినదానిని తుడిచివేయుట. అయితే ఈ నలుపు లోహమునకు అంటుకొని యుండునేగాని లోహముతో ఏకము కాదు. కావున వేడి తగిలిన మైనము కరగును, కాలక్రమమున నూనెరంగు బీటలువాఱి రాలును.

రెండవ మార్గము రసాయనికము. వెండి పట్టీలు వాడుకలో నల్లబడుట అందఱెఱిగినదే. గాలిలో లేశమాత్రముగా నుండు హైడ్రోజన్ సల్ఫైడు వాయువులోని గంధకము వెండితో సంయోగము నొంది, సిల్వర్ సల్ఫైడు అను నల్లని పొరగా నేర్పడుటయే దీనికి హేతువు. ఇంటివారు ఏ మాలిన్యమును వదల్చుటకు శ్రమపడుదురో దానినే శిల్పి కోరి తెచ్చుకొనును. పొటాషియం సల్ఫైడుల మిశ్రమమును గోరువెచ్చని నీట కరిగించి అందు వస్తువును ముంచగా, కొలదిసేపటిలో అది ఆసాంతము నల్లనగును. పిమ్మట మెత్తని పొడితో రుద్దినచో ఉపరితలము తెల్లబడి, రాపిడి అందని గాడులలో మాత్రమే నలుపు నిలుచును.

వీనికన్న ప్రౌఢమైనది యూరపు స్వర్ణకారుల నీల్లో పద్ధతి. ఇందులో సల్ఫైడును పొరగా గాక, ముద్దగా తయారుచేసి గాడిలోనే కరగించి నింపుదురు. వెండి సల్ఫైడు ఒక్కటే 800 డిగ్రీల సెంటీగ్రేడు దాటినగాని కరగదు. వెండియో 961 డిగ్రీలకే కరగును గనుక, ఈ రెంటి నడుమ పని నడపుట కత్తిమీద సాము. అందుచేత తొలికాలపు పనివారు దానిని వేడితో మెత్తబఱచి గాడిలో అదిమెడివారు. తరువాత రాగిని, పిదప సీసమును చేర్చుటతో కరగు వేడిమి బాగుగా దిగి, ముద్ద ద్రవమై వెండ్రుకవాటు గీతలోనికిని పాఱసాగెను. 1568లో ముద్రితమైన తన గ్రంథమున ఇటలీ స్వర్ణకారుడు బెన్వెనూతో చెల్లీనీ ఒక పాలు వెండి, రెండు పాళ్లు రాగి, మూడు పాళ్లు సీసము మూసలో కరగించి, గంధకపు పొడి గల మట్టికూజాలో పోసి, మూతి మూసి, చల్లాఱువఱకు కుదుపవలెనని చెప్పెను. ఆ ముద్దను నూఱి, వెలిగారముతో గాడులపై పఱచి, కొలిమిలో కరగించి, ఆఱిన పిదప గాడులు బయల్పడువఱకు ఆకురాయితో అరగదీయుదురు. వేడి మీఱినచో సీసము వెండినే తిని గుంటలు పెట్టును.

ఈ నలుపు ఎంతటి దీర్ఘాయువో తెలుపుటకు బ్రిటిష్ మ్యూజియమునందలి ఫుల్లర్ బ్రూచ్ చాలును. పంచేంద్రియములను నీల్లో రేఖలతో చిత్రించిన ఈ తొమ్మిదవ శతాబ్దపు వెండి పతకము చెక్కుచెదరక యుండుటచేతనే నకిలీయని తిరస్కృతమై, కేవలము వెండి ధరకు అమ్ముడుపోయెను. 1949లో పునఃపరీక్ష జరుపగా, అందలి నీల్లో మధ్యయుగపు రకమని, తరువాత వాడుకలో లేనిదని తేలెను. నలుపే దాని ప్రాచీనతకు సాక్ష్యము పలికినది.

ఇక 1956వఱకు హైదరాబాదు రాజ్యములో నుండిన బీదరునందు ఇదే సమస్యకు మాఱుదిక్కున పరిష్కారము దొరకినది. తుత్తునాగమున కొంచెము రాగి కలిపి పోతపోసిన పాత్రను మొదట మైలుతుత్తముతో నల్లబఱచి, దానిపై తెల్లగా కనబడునట్లు గీతలు చెక్కి, అందు వెండిని పొదుగుదురు. కడపట బీదరు కోట మట్టిని నవాసాగరముతో కలిపి కాచి పూయగా, తుత్తునాగము శాశ్వతముగా నల్లనై, వెండి మాత్రము చెక్కుచెదరక మెఱయును. ఇచ్చట నల్లబడునది రేఖ కాదు, నేల.

కావున పాత వెండి వస్తువు చేతికి వచ్చినప్పుడు పాఠకులు గాడులలోని నలుపునెల్ల మురికిగా భావింపరాదు. చింతపండుతోనో, మెఱుగుమందులతోనో తోమినచో శిల్పి కూర్చిన సల్ఫైడు సైతము పోవచ్చును. మెత్తని పొడిగుడ్డతో తుడుచుటయే దానికి తగిన సేవ.